ఊనిక ఎక్కడ?

పాల్వంచ దాటి భద్రాచలం వైపు సాగే దారికి ఇరువైపులా అడవి దట్టమవుతుంది. ఆ అడవి అంచునున్న ఒక కోయగూడెం నుండి ఖమ్మం వచ్చి జూనియర్ కళాశాలలో చేరిన బాలికకు ఇంట కోయభాష, బడిలో తెలుగు, ఆపై ఆంగ్లం. ఒకనాడు ‘కైండ్-హార్టెడ్’ అనే విశేషణంలో సిలబుల్స్ ఎన్నని అధ్యాపకుడు అడుగగా, ఆమె వ్రేళ్లు ముడిచి లెక్కించి ‘ఐదు’ అన్నది. తరగతి అంతా ఘొల్లున నవ్వింది. వారం రోజులు ఆమె నోరు విప్పలేదు.

లెక్క తప్పే గాని దాని వెనుక న్యాయమున్నది. తెలుగు అజంత భాష. ఆంగ్లంలో ఒకే సిలబుల్ అయిన ‘రోడ్’ మన నోట ‘రోడ్డు’ అయి రెండవుతుంది. ‘కైండు-హార్టెడ్డు’ అని పలికితే అచ్చులు నిజంగానే ఐదు. ఆ ఉకారాలు తొలగితే కైండ్, హార్, టెడ్ అనే మూడే మిగులుతాయి.

ఇది గ్రహించిన అధ్యాపకుడు నల్లబల్లపై ‘భద్రాచలం’ అని వ్రాశాడు. భ, ద్రా, చ, లం అని విడదీస్తాము. కాని సంయుక్తాక్షరం తన ముందున్న భకారాన్ని గురువుగా మారుస్తుంది. గురులఘువులు కాలానికి చెందినవి: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఆంగ్లపు ఊనిక ప్రధానంగా బలానికి చెందినది. పై విశేషణం వాక్యాంతంలో నిలిస్తే ప్రధానమైన ఊనిక ‘హార్’ మీద. ‘నర్స్’ వంటి నామవాచకానికి ముందు నిలిస్తే సాధారణంగా అది ‘కైండ్’ మీదికి జరుగుతుంది.

సమాసంలో స్వరం తప్పి ప్రాణం పోయిన కథ మనకూ ఉన్నది. పతంజలి మహాభాష్యం దానిని ప్రస్తావించింది. ఇంద్రుని సంహరించే కుమారుని కోరి యజ్ఞం చేసిన త్వష్ట, ‘ఇంద్రశత్రు’ శబ్దాన్ని చివర ఉదాత్తంతో పలుకవలసి ఉండగా మొదట ఉదాత్తంతో పలికాడు. ఇంద్రుని చంపేవాడు అనే తత్పురుషం, ఇంద్రుడే తనను చంపేవాడుగా గలవాడు అనే బహువ్రీహి అయింది. వృత్రుడు ఇంద్రుని చేతిలో మరణించాడు. దయగల హృదయం గలవాడు అనే అర్థమిచ్చే ‘కైండ్-హార్టెడ్’ కూడా బహువ్రీహియే. దాని ఊనిక తప్పితే ఎవరి ప్రాణమూ పోదు. ఒక పిల్ల మాట్లాడటం మానేస్తుంది, అంతే.

పాఠం ముగిశాక ఆయన ఆమె గూడెం పేరు అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తిరిగి పలికాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మొదటి అక్షరాన్ని నొక్కి, నెమ్మదిగా మరల చెప్పింది. మూడవసారికి గాని ఆయనకు నోరు తిరగలేదు.