భుజాల మీద మోయవలసినవి



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి మీకు కొంత వింతగా తోచవచ్చును. బేస్ గిటారుకు వాడే ఆంప్లిఫయర్ బరువైనది మంచిదా, తేలికైనది మంచిదా అన్నదే ఆ సంగతి. ఇది వాయించే కుర్రవాళ్ల తగవు గదా, కుటుంబ పత్రికలో దీనికేమి పని అని మీరడుగవచ్చు. మేమును చాలా కాలము అట్లే అనుకున్నాము. ఒక డిసెంబరు రాత్రి మా సంఘపు బిడ్డ ఒకడు నడుము పట్టుకొని కాలువ గట్టు మీద కూలబడిన తరువాత మాత్రము అలా అనుకోలేకపోయాము.

మా పాస్టరేటులో ఆరు గ్రామాలున్నవి. క్రిస్మస్ నెల వచ్చిందంటే రాత్రికొక పేటలో ఆరాధన జరుగును. కీబోర్డు, డోలకు, ప్యాడ్లు, బేస్ గిటారు అన్నీ ఆటోలో ఎక్కవలసిందే. వీటన్నిటిలోకి పెద్ద బరువు బేస్ ఆంప్లిఫయరే. మా సంఘ పెద్దలలో ఒకరు తమ తండ్రిగారి జ్ఞాపకార్థము దానిని కానుకగా ఇచ్చారు. 15 అంగుళాల స్పీకరు, ఆంప్లిఫయరు కలిసి ఒకే పెట్టెలో ఉన్నవి. ముందు వైపు ఇత్తడి రేకు మీద ఆ తండ్రిగారి పేరు చెక్కించారు. ఒకసారి రైసు మిల్లులో కాటా మీద పెట్టి చూస్తే 41 కిలోలు తూగింది.

బేస్ వాయించేది ఒక విధవరాలి కుమారుడు. ఇరవై రెండేళ్ల వాడు. ఎప్పుడో ఒకసారి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ మధ్య చేత్తో పట్టుకొని పోయేంత తేలికవి వస్తున్నాయండి. ఒకటి చూద్దామా?" అని అడిగాడు. మేము నవ్వి, "దేవుని పనిలో బరువు చూసుకోకూడదు బాబూ" అన్నాము. బరువైనదే నాణ్యమైనదని మా నమ్మకము. పొరుగు సంఘము వారికి అంత పెద్ద పెట్టె లేదన్న అతిశయము కూడా లోపల కొంత ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ఆ రాత్రి ఆటో కాలువ వంతెన దగ్గరే ఆగిపోయింది. అక్కడ నుండి గట్టు మీద నడవాలి. వాడు పెట్టెను భుజానికెత్తుకున్నాడు. మంచుకు తడిసిన మట్టిలో కాలు జారింది. పెట్టె కింద పడకుండా కాపాడాలని నడుము మెలిపెట్టుకున్నాడు. పెట్టెకు ఏమీ కాలేదు. వాడు మాత్రము లేవలేకపోయాడు. వెన్నులో నరము నొక్కుకున్నదనీ, కొన్ని నెలలపాటు ఏ బరువూ ఎత్తరాదనీ డాక్టరుగారు చెప్పారు.

మరునాడు ప్రార్థన చేయుటకు వారింటికి వెళ్లాము. ప్రార్థన ముగిసిన తరువాత తల్లి మెల్లగా అన్నది: "వాడు వాయించే పాట దేవుడికండి అయ్యగారూ. మరి ఆ పెట్టె ఎవరికండి?"

మేము జవాబు చెప్పలేక ఇంటికి వచ్చాము. అసలు ఆ బరువు దేనిదో, దానిలో పాటకు పనికివచ్చేది ఎంతో తెలుసుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాము.

పట్నములో మైకు సెట్లు బాగుచేసే మెకానికు ఒకాయన పెట్టె విప్పి చూపించాడు. బరువు నాలుగు చోట్ల ఉన్నది. మొదటిది ఇనుప ట్రాన్స్‌ఫార్మరు. మన ఇండ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృతాలతో నడుచును. అంత నెమ్మదిగా నడిచే కరెంటును మార్చుటకు ఇనుము, రాగి ఎక్కువ కావాలి. కొత్త పద్ధతిలో ముందుగా ఆ కరెంటును సెకనుకు వేలకొలది ఆవృతాలకు మార్చి, ఆ తరువాత చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుదురు. మన సెల్‌ఫోను ఛార్జరు అంత చిన్నదిగా ఉండుటకు కారణము కూడా ఇదే.

రెండవది వేడిని లాగే అల్యూమినియము దిమ్మ. పాత పద్ధతి ఆంప్లిఫయరు కుళాయిని సగము తిప్పి ఉంచినట్లు పనిచేయును; చాలా శక్తి వేడిగా పోవును. క్లాస్ డి అనే పద్ధతిలో స్విచ్చు వేసి తీసినట్లు సెకనుకు లక్షల సార్లు జరుగును. వేడి తక్కువ గనుక పెద్ద దిమ్మతో పని లేదు. మూడవది స్పీకరు వెనుకనున్న అయస్కాంతము. 1980 దశకములో జపాను, అమెరికా దేశాలలో కనుగొన్న నియోడిమియం అయస్కాంతము చిన్నదైనా చాలా బలము గలది. నాలుగవది పెట్టె చెక్క. రంపపు పొట్టును ఒత్తి చేసిన బోర్డు కంటె తేలిక జాతి ప్లైవుడ్ బరువు తక్కువ.

ఇదంతా విన్న తరువాత మాకు ఇంకొక సంగతి తెలిసినది. బేస్ గిటారు పుట్టిందే మోత తగ్గించడానికి. అంతకు ముందు మనిషి ఎత్తును మించిన పెద్ద ఫిడేలు వంటి వాయిద్యమును నిలబెట్టి వాయించేవారు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన చంకన పెట్టుకొని పోదగిన బేస్ గిటారును అమ్మకానికి తెచ్చాడు. వాయిద్యము తేలికైంది గాని, దాని వెనుక పెట్టెలు పెరిగినవి. 1969లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన ఎస్.వి.టి. అనే 300 వాట్ల వాల్వు ఆంప్లిఫయరు, స్పీకర్లు లేకుండానే 35 కిలోలకు పైగా ఉండేది. పెద్ద మైదానాలలో వాయించేవారికి అది పేరుపొందినది. నేడైతే 500 వాట్లదే మూడు కిలోలలోపు దొరుకుచున్నది. స్పీకరు లేకుండా విడిగా వచ్చే దీనిని వాయించేవారు హెడ్ అందురు.

మరి స్వరము మాట ఏమిటి? అదే గదా అసలు ప్రశ్న.

కుర్రవాడు కూర్చొని వాయించగలిగిన తరువాత ఒక శనివారము సాయంకాలము మందిరములో పరీక్ష పెట్టాము. బెంగుళూరులో ఉద్యోగము చేసుకొనే ఒక సహోదరుడు సెలవులకు వచ్చి తన తేలిక హెడ్‌నూ, 10 అంగుళాల చిన్న స్పీకరు పెట్టెనూ ఇచ్చాడు. వేదిక మీద దుప్పటి అడ్డము కట్టాము. శబ్దము ఏది పెద్దదైతే అదే బాగున్నదని చెవి మోసపోవును గనుక మెకానికు రెండింటి శబ్దమును సమానము చేశాడు. కానుక ఇచ్చిన పెద్దాయనను ముందు వరుసలో కూర్చోబెట్టాము.

మొదట పాత పెట్టెలోని 15 అంగుళాల స్పీకరుకే ఒకసారి పాత ఆంప్లిఫయరును, ఒకసారి తేలిక హెడ్‌ను తగిలించాడు. ఒకే కీర్తనను రెండు విధాలుగా వాయించారు. ఏది ఏదో సగము మంది సరిగా చెప్పలేకపోయారు. పెద్దాయన ఎంతో ధైర్యముగా చెప్పి, తప్పు చెప్పారు. వాయించిన కుర్రవాడు మాత్రము, "పాతది కొంచెం మెత్తగా, నిండుగా ఉందండి. అది నా వేళ్లకు తెలుస్తోంది గాని, దూరాన కూర్చుంటే తెలియదేమో" అన్నాడు.

తరువాత అదే తేలిక హెడ్‌ను చిన్న 10 అంగుళాల పెట్టెకు తగిలించాడు. ఈసారి వెనుక చాప మీద కూర్చున్న ముసలమ్మ కూడా, "ఇందులో అడుగు లేదయ్యా" అన్నది.

ఇందులో మేము నేర్చుకున్నది ఇది. బేస్ గిటారు లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపించును. అంత లోతు స్వరము వినబడాలంటే చాలా గాలి కదలాలి. దానికి పెద్ద స్పీకరు, పెద్ద పెట్టె కావాలి. చిన్న పెట్టె, లోతైన స్వరము, తక్కువ వాట్లకే పెద్ద శబ్దము, ఈ మూడూ ఒకేచోట దొరకవు. రెండు కోరుకుంటే మూడవది వదులుకోవాలి. కాబట్టి ఇనుము బరువు తీసివేసినా స్వరమునకు వచ్చే నష్టము కొద్దిపాటిది. పెట్టె పరిమాణము తగ్గిస్తే మాత్రము నష్టము అందరికీ వినబడును.

కొనదలచిన సంఘములకు మరి రెండు మూడు మాటలు. వాట్ల అంకె చూచి మోసపోవద్దు. వాట్లు రెండింతలైతే చెవికి తెలిసే తేడా కొద్దిగానే ఉండును; శబ్దము రెండింతలనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. 500 వాట్లని వ్రాసినది చాలా వాటిలో 4 ఓముల స్పీకరుకు. 8 ఓముల స్పీకరుకు తగిలిస్తే దాదాపు సగమే వచ్చును. హెడ్ మీద వ్రాసిన దానికంటె తక్కువ ఓముల స్పీకరును ఎన్నడూ తగిలించకూడదు. మరమ్మతు సంగతి కూడా ఆలోచించాలి. పాతది పట్నపు మెకానికు విప్పి బాగుచేయగలడు. కొత్త వాటిలో చాలావరకు బోర్డు మొత్తము మార్చవలసి వచ్చును. బహిరంగ కూటములలో చెట్టుకు కట్టే హారన్లలో బేస్ స్వరము రానేరాదు; మైకు సెట్టువారి పెద్ద స్పీకర్లుంటేనే హెడ్ నుండి వారి మిక్సరుకు తీగ ఇవ్వాలి.

పరీక్ష ముగిసినది గాని తగవు ముగియలేదు. "అయితే మా నాన్న పేరు మూలన పడేస్తారన్నమాట" అని పెద్దాయన లేచి వెళ్లిపోయారు. రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. మేము వారింటికి వెళ్లి, తప్పు వారి కానుకది కాదు, దానిని మోయించిన మాది అని చెప్పాము. సంఖ్యాకాండము 7వ అధ్యాయము తీసి ఇద్దరము కలిసి చదువుకున్నాము.

ఆ అధ్యాయములో ప్రధానులు ఆరు బండ్లను, పన్నెండు ఎద్దులను కానుకగా తెచ్చిరి. మోషే వాటిని అందరికీ సమానముగా పంచలేదు. తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, పలకలు, స్తంభములు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు ఇచ్చెను. పరిశుద్ధమైన వాటిని భుజముల మీద మోయవలసిన కహాతీయులకు ఒక్క బండియైనా ఇవ్వలేదు. అనగా, ప్రత్యక్షపు గుడారము పనిలోనే బండి మీద పోవలసిన బరువు ఒకటి, భుజము మీద పోవలసిన బరువు మరొకటి ఉన్నవి. బండి మీద పోదగిన దానిని మేము ఒక విధవరాలి బిడ్డ భుజము మీద పెట్టి, దానికి దేవుని పని అని పేరు పెట్టితిమి.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మరుసటి ఆదివారము మందిరమునకు వచ్చారు. ఆయనతో కూడ వడ్రంగి వచ్చాడు. చక్రాలు బిగించిన గట్టి బల్ల ఒకటి తెచ్చి, పెట్టెను దాని మీద ఎక్కించి, "మందిరంలో ఇది ఇక్కడే ఉండనీయండి అయ్యగారూ. ఊళ్లకు మాత్రం తేలికది కొనండి" అన్నారు.

కోతకాల కృతజ్ఞతా పండుగ కానుకలలో కొంత తీసి తేలిక హెడ్‌నూ, 12 అంగుళాల ప్లైవుడ్ పెట్టెనూ కొన్నాము. రెండూ కలిసి పదిహేను కిలోలు. ఇండ్లలో జరిగే కూటములకు అది చాలును. ఆరుబయట పాత పెట్టె నిండుదనము దానికి రాదు. ఆ లోటును తెలిసే ఒప్పుకున్నాము.

ఆ కుర్రవాడు మరల వాయించుచున్నాడు. అయితే ఎక్కువసేపు నిలువలేడు. కుర్చీలో కూర్చొనియే వాయించును. పాట మధ్యలో వాడు నడుము సర్దుకొన్నప్పుడెల్లా ఆ తల్లి అడిగిన మాట మాకు జ్ఞాపకము వచ్చును.

ప్రియులారా, మీ సంఘములోను, మీ యింటిలోను ఎవరి నడుము మీద ఏ పెట్టె ఉన్నదో ఒకసారి చూడుడి. అది భుజము మీద మోయవలసినదా, లేక మనము బండి ఇవ్వకుండా మోయించుచున్నదా? అడిగినవాని మాట నవ్వి త్రోసివేయకుండ వినుటకు ప్రభువు మనకు చెవులు దయచేయును గాక. ఆమేన్.