ఎండని రంగులు

మొదటి ఆదివారమే నా బొమ్మను గోడవైపు తిప్పి పెట్టాను. బోర్డులు రాసే పెద్దన్న దాన్ని మళ్ళీ ఇటు తిప్పి, "దాచుడెందుకు సారూ, ఇదేమన్న పెండ్లిచూపులా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళకు పైగా బళ్ళో డ్రాయింగు చెప్పినవాణ్ణి. నా తప్పులు నాకు తెలుసు, పదిమందికి చూపడం దేనికి?

2016 అక్టోబర్‌లో జనగామ జిల్లా ఏర్పడ్డప్పుడు చిల్పూర్ మండలమైంది. ఆ తర్వాత వచ్చిన రెండో చలికాలం అది. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి ఆటో పట్టుకునేవాణ్ణి. ఊరి చివర ఒక రైతు పత్తి పోసుకునే రేకుల షెడ్డు సగం ఖాళీ చేసి మాకిచ్చాడు. ప్రతి ఆదివారం అక్కడ కూడి నూనె రంగులు నేర్చుకునేవాళ్ళం, ఆరుగురం. హైదరాబాద్‌లో కొన్నాళ్ళు బొమ్మలు నేర్చుకుని వచ్చిన కుర్రవాడొక్కడికే ఆయిల్ పెయింటింగ్ చేతికి తెలుసు. మేమంతా వాడికంటే పెద్దవాళ్ళం, వాడి ముందు పలక పట్టినవాళ్ళమే.

నీళ్ళరంగు ఆరిపోతుంది. నూనె రంగు అలా కాదు. అందులోని అవిసె నూనె గాలిని పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. ముదురు మట్టిరంగు రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది కాని, తెలుపు వారమైనా వేలికి అంటుకుంటూనే ఉంటుంది. రాత్రి రాసిన ఎనామెల్ బోర్డును తెల్లారి కొట్టుకు ఎక్కించి పైసలు తీసుకునే అలవాటున్న పెద్దన్నకు ఇది నరకం. "ఇదెప్పుడు ఎండుతది, నేనెప్పుడు ఇంటికి పోతా?" అని గొణిగేవాడు. బొమ్మ ఆరేదాకా చేతికి పనిలేదు. ఏం చేస్తాం, పక్కవాడి బొమ్మ ముందు నిలబడతాం. నేను నేర్చుకున్నదంతా ఆ పనిలేని గంటల్లోనే.

మేమంతా గీసింది ఒక్కటే, చిల్పూర్ గుట్ట. కుబేరుడి అప్పు తీర్చలేక బుగులు పడి స్వామి ఇక్కడికొచ్చి కూర్చున్నాడంటారు, అందుకే ఆయన బుగులు వెంకటేశ్వరుడు. అప్పుతో బుగులు పడ్డ దేవుణ్ణి ఇక్కడి రైతుకు వేరే పరిచయం చేయక్కర్లేదు.

పెద్దన్న చేయి వణకదు. మణికట్టు కింద కర్ర ఆనించి గీత లాగితే దారం పరిచినట్టుండేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ చేతికి పని లేకుండా చేశాయి. అయితే గుట్టకు కూడా దుకాణం పేరుకు కట్టినట్టు నల్లటి అంచు కట్టేవాడు. బండ బండలా కాక అక్షరంలా నిలబడేది. కుర్రవాడు చెప్పి చెప్పి విసిగిపోయాడు.

చేర్యాల నుంచి వచ్చే అక్కది ఇంకో ఇబ్బంది. నకాశీ పటాలు గీసేవాళ్ళ పని చూస్తూ పెరిగిన మనిషి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల పిండి పట్టించి పటం తయారుచేయడం ఆమెకు కొట్టిన పిండి. కాని నీడ ఎక్కడ వేయాలో తెలియదు. "మా పటంల నీడ ఉండదు సారూ. రాజుకైనా కూలోనికైనా ఒక్కటే వెలుతురు," అన్నది. నేను పెన్సిలు తీసి సూర్యుడు ఎటు, నీడ ఎటు అని బళ్ళో చెప్పినట్టే చెప్పాను. ఆమె తలూపింది, గీతమాత్రం మారలేదు.

మూడో వారం ఆమె నన్ను పక్కన పెట్టి పటానికి చేసినట్టే క్యాన్వాస్ అంతా ముందు ఎర్రరంగు పూసేసింది. అది ఆరాక, మళ్ళీ వచ్చిన ఆదివారం, పైన బూడిదరంగు బండలు పెట్టుకుంటూ పోయింది. బండకూ బండకూ మధ్య సన్నగా ఎరుపు మిగిలింది. సాయంత్రపు గుట్ట అది, వేరే మాట లేదు. పెద్దన్న చాలాసేపు చూశాడు. "అంటే గీత గియ్యద్దా? వదిలెయ్యాలన్నట్టు," అన్నాడు. ఆ రోజే తన నల్ల అంచులన్నీ టర్పెంటాయిలులో ముంచిన గుడ్డతో తుడిచేశాడు. అంచు ఉండాల్సినచోట కింది రంగును వదలడం మొదలుపెట్టాడు. వదలడానికి కూడా ఆ చేయి వణకలేదు. ఆమేమో ఆయన దగ్గర కర్ర పట్టడం నేర్చుకుంది.

ఒకరోజు కుర్రవాడు కొండపల్లి శేషగిరిరావు బొమ్మల అచ్చులు తెచ్చాడు. 1924లో మహబూబాబాద్ దగ్గరి పెనుగొండలో పుట్టి, శాంతినికేతన్ దాకా వెళ్ళి చదువుకున్న మనిషి. "మన దిక్కోడేనా?" అని పెద్దన్న రెండుసార్లు అడిగాడు.

నా బొమ్మ సంగతి చెప్పలేదు కదా. కొలతలన్నీ సరిగ్గా ఉండేవి, రంగులే బురద. ఒక్క బ్రష్షుతో అన్నీ కలిపేసేవాణ్ణి. "రెండు గుడ్డలు పెట్టుకో సారూ, ఒకటి తుడవడానికి, ఇంకోటి మళ్ళ తుడవడానికి," అన్నది అక్క. అప్పటినుంచి ఆకాశం ఆకాశంలా వచ్చింది. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలని కుర్రవాడు చెప్పినా, తొందరలో చిక్కటి తెలుపు మీద పలచటి మట్టిరంగు లాగేశాను. మరుసటి ఎండాకాలానికి అక్కడ చెరువు నెర్రెలిచ్చినట్టు పగిలింది.

పత్తి ఏరే రోజుల్లో ఒకసారి గాలి లేచి షెడ్డులోని నూగంతా వచ్చి ఆరు తడి బొమ్మల మీద వాలింది. సూదితో ఏరుతూ కూర్చున్నాం, ఎవరి బొమ్మ అని చూసుకోకుండా, దగ్గరున్నది దగ్గరివాళ్ళు. నా దానిమీద కుడివైపు బండలో ఒక పోగు ఉండిపోయింది. నెర్రెతోపాటు అదీ మా ఇంటి గోడమీద ఉంది. మొన్న మనవరాలు గోటితో గీకబోతే వద్దన్నాను.