మొరెయిన్ పార్కులో చిత్రకారుడి మకాం

డెన్వర్ నుంచి వాయవ్యంగా సాగే రహదారి లయన్స్ అనే చిన్న ఊరి దగ్గర మైదానాన్ని విడిచి, ఎర్రని ఇసుకరాతి గుట్టల నడుమ మలుపులు తిరుగుతూ పైకెక్కి, ఎస్టెస్ పార్క్ పట్టణానికి చేరుస్తుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సముద్రమట్టానికి 2,293 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పట్టణం రాకీ మౌంటెన్ జాతీయ ఉద్యానవనానికి తూర్పు వాకిలి. ఆంధ్రప్రదేశ్‌లోని అత్యున్నత శిఖరం కూడా ఈ వీధులకన్నా దిగువనే ఉంటుంది. ఇక్కడి ఉద్యానవనం 1984 నుంచి కళాకారులకు వేసవిలో రెండేసి వారాల ఆతిథ్యం ఇచ్చే పథకాన్ని నడిపింది. ఇలాంటి ఏర్పాటును ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటారు: ఒక సంస్థ కళాకారుడికి ఉండడానికి చోటిస్తుంది, పనిచేసుకోవడానికి తీరిక కల్పిస్తుంది, బదులుగా ఏదో కొంత కోరుతుంది. ఇక్కడ కోరినవి రెండే: సందర్శకుల ఎదుట తన పని గురించి మాట్లాడడం, ఈ కొండల ప్రేరణతో చేసిన ఒక కృతిని ఉద్యానవనానికి ఇవ్వడం.

మకాం ఇచ్చిన చోటు మొరెయిన్ పార్క్ అంచున ఒక చరియ మీద ఉన్న కొయ్య ఇల్లు. కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా గెజెట్ పత్రికకు సంపాదకుడిగా పేరుపొంది, 1923లో సంపాదకీయ రచనకు పులిట్జర్ బహుమతి అందుకున్న విలియం ఆలెన్ వైట్ 1912లో దాన్ని కొని, ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు వేసవులు అక్కడే గడిపాడు. వరండా ముందు పరుచుకున్న పచ్చికలోయను పూర్వం హిమానీనదం, అంటే కొండ మీదినుంచి మెల్లగా జారే మంచు ప్రవాహం, తొలుచుకుంటూ వచ్చింది. అది మోసుకొచ్చి రెండు పక్కలా గట్లుగా పోసిన రాళ్ళ, మట్టి గుట్టలను మొరెయిన్లు అంటారు. వాటి నడుమ బిగ్ థాంప్సన్ నది వంకర్లు తిరుగుతూ పారుతుంది. ఆ నేలకు పడమట మంచుచారలు మిగిలిన శిఖరాలు వరుసగా నిలబడి ఉండడం వల్ల, పొద్దు పొడవగానే వెలుగు వాటి ముఖాల మీద సూటిగా పడుతుంది, మధ్యాహ్నం దాటితే అవి వెలుగుకు వీపు తిప్పి చదునైన నీలి పలకలుగా మారిపోతాయి. కొండను కొండగా గీయాలనుకునే వారికి మిగిలేది ఉదయం పూటే.

అమెరికన్ జాతీయ ఉద్యానవనాలు చిత్రకారులకు చోటివ్వడంలో ఔదార్యం కొంత ఉంటే పాత బాకీ ఇంకొంత ఉంది. 1871లో హేడెన్ నాయకత్వంలోని సర్వే బృందంతో యెల్లోస్టోన్ వెళ్ళిన థామస్ మొరాన్ తెచ్చిన నీటిరంగుల చిత్రాలు, విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఛాయాచిత్రాలు తూర్పు రాష్ట్రాల వారికి ఆ ప్రాంతాన్ని నమ్మదగినదిగా చూపించాయి. 1872 మార్చి 1న యెల్లోస్టోన్ తొలి జాతీయ ఉద్యానవనం అయింది, మొరాన్ గీసిన ఆ లోయ మహాచిత్రాన్ని అదే ఏడాది కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్నది. ఎస్టెస్ పార్క్ కథ ఇంత శుభప్రదం కాదు. ఈ లోయను తన సొంత వేటభూమిగా చేసుకోవాలని చూసిన ఐరిష్ ప్రభువు డన్రేవన్, జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో చదువుకున్న ఆల్బర్ట్ బీర్‌స్టాట్‌ను పిలిపించి లాంగ్స్ పీక్ శిఖరాన్ని పెద్ద కాన్వాసు మీద గీయించుకున్నాడు. 1877 నాటి ఆ చిత్రంలో ఉన్నది ఒక ప్రభువుకు నచ్చే కొండ. శిఖరాలను ఉన్నదానికన్నా నిటారుగా లేపడం, మబ్బుల సందుల్లోంచి నాటకీయమైన వెలుతురు దించడం బీర్‌స్టాట్‌కు అలవాటు. అయితే ఆయన ఆరుబయట చిన్న కాగితాల మీద వేసుకున్న తైలవర్ణపు స్కెచ్‌లు చూసినవారికి, ఆ చేతికి నిజం తెలుసనీ, స్టూడియోలోకి వెళ్ళాకే దాన్ని కావాలని పెంచిందనీ స్పష్టమవుతుంది. ఈ ఉద్యానవనంలో ఒక సరస్సుకు ఆయన పేరే ఉంది.

ఆరుబయట కూర్చుని ఎదుట ఉన్నదాన్ని చూస్తూ రంగులు వేసే పద్ధతిని ఫ్రెంచి మాటతో ప్లెనేర్ చిత్రణ అంటారు. 1800లో ప్రచురించిన గ్రంథంలో వాలెన్‌సియెన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ప్రకృతిని చూసి చేసే అధ్యయనం ఏదైనా రెండు గంటలు మించరాదనీ, సూర్యోదయమో అస్తమయమో అయితే అరగంటే గడువనీ హెచ్చరించాడు. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడతపడే తగరపు గొట్టంలో రంగు నింపే ఉపాయానికి పేటెంట్ పొందిన తరువాత, పంది మూత్రాశయపు సంచుల్లో రంగు కట్టుకుని తిరిగే అవస్థ తప్పింది. ఇప్పటి చిత్రకారుడి వీపున ఉండేది పొషాడ్ పెట్టె: మూత తెరిస్తే అదే ఈజిల్‌గా నిలబడి, అడుగున పాలెట్, అరలో ట్యూబులు ఉండే చిన్న చెక్కపెట్టె. విమానంలో టర్పెంటైన్‌ను అనుమతించరు కనుక ద్రావకాన్ని దిగిన ఊళ్ళోనే కొనుక్కోవాలి, లేదా నీటిలో కలిసే తైలవర్ణాలతో సరిపెట్టుకోవాలి. గొడుగు తెల్లదో బూడిదరంగుదో కావాలి. ఎర్ర గొడుగు వేస్తే పాలెట్ అంతా ఎర్రబడుతుంది. చొక్కా సంగతీ అంతే: ముదురు పసుపు చొక్కా వేసుకుని ఎండలో నిలబడితే దాని ఛాయ తడి రంగు మీద తేలుతుంది. ఎండ నేరుగా పడే కాన్వాసు మీద అన్నీ వెలిగిపోతున్నట్టు కనిపిస్తాయి కనుక, దాన్ని ఇంట్లోకి తెచ్చి చూస్తే చిత్రం ముదరబారి కనిపిస్తుంది.

సరంజామా ఎంత సరిగ్గా కుదిరినా ఈ ఎత్తున మొదట మోసం చేసేది గాలి. దామెర్ల రామారావు గోదావరిని చిత్రించిన రాజమహేంద్రవరం నుంచి వెళ్ళిన చిత్రకారుడి కంటికి దూరం అంటే తేమ: అవతలి గట్టు లేతబడుతుంది, దాని వెనక పాపికొండలు ఇంకా లేతబడి నీలిబూడిదగా కరుగుతాయి. దూరమైన కొద్దీ రంగు చల్లబడి, అంచులు మెత్తబడే ఈ ధర్మాన్ని వాతావరణ పరిప్రేక్ష్యం అంటారు; తెలుగునాట ఏ చిత్రకళా పాఠశాలలోనైనా తొలి పాఠాల్లో ఒకటి. మొరెయిన్ పార్కులో పొడిగా, పలచగా ఉన్న గాలి ఆ పాఠాన్ని సగం కొట్టేస్తుంది. పది కిలోమీటర్ల దూరాన ఉన్న బండమీది పగులు చేతికందేటంత స్పష్టంగా కనిపిస్తుంది, ఆకాశం నడినెత్తిన అల్ట్రామెరీన్‌కు నలుపు కలిపినంత ముదురుగా ఉంటుంది, నీడలు ఊదావైపు మొగ్గుతాయి. అలవాటు కొద్దీ దూరపు కొండకు తెలుపు కలిపితే అది తీరప్రాంతపు కొండ అవుతుంది, కలపకపోతే ముందున్న పైన్ చెట్టుతో సమానంగా ముందుకు తోసుకొస్తుంది. కాన్సస్‌లో స్థిరపడిన స్వీడిష్ చిత్రకారుడు బిర్గర్ సాండ్‌జెన్ కొలరాడో కొండలను దట్టమైన కుంచెదెబ్బలతో, దగ్గరా దూరమూ ఒకే తీవ్రతతో ఎందుకు వేశాడో ఇక్కడ నిలబడితే గాని బోధపడదు. పుస్తకంలో చూస్తే అతి అనిపించే ఆ రంగులు ఈ వెలుతురులో బీర్‌స్టాట్ పొగమంచుకన్నా నిజానికి దగ్గర.

రెండు వారాలు ఒకే చోట ఉండడం వల్ల కలిగే మేలు ఇలాంటి తప్పుల్ని అదే గంటకు అదే రాయి మీద కూర్చుని దిద్దుకునే వీలు. రోడ్డు పక్క వ్యూపాయింట్ దగ్గర అయిదు నిమిషాలు ఆగే యాత్రికుడికి లాంగ్స్ పీక్ ఒక్కటే కనిపిస్తే, మకాం చేసిన చిత్రకారుడికి కొద్ది రోజుల్లోనే శిఖరం మీద మోజు తగ్గి, నదివంపులో ఎర్రబడిన విల్లో పొదలు, ఎండకు వేడెక్కి వనిల్లా వాసన కొట్టే పాండెరోసా పైన్ బెరడులోని నారింజ పలకలు, గట్టు నీడ పచ్చికను దాటే వేగం పట్టుబడడం మొదలవుతాయి. వేసవిలో దాదాపు ప్రతి మధ్యాహ్నం కొండల వెనకనుంచి ఉరుములతో మబ్బు లేస్తుంది. వృక్షరేఖ, అంటే చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు, ఇక్కడ సుమారు 3,500 మీటర్లు. దానికి పైన మనిషే ఎత్తైన వస్తువు. 2014 జూలైలో వరుసగా రెండు రోజుల్లో పిడుగుపాటుకు ఇద్దరు ఇక్కడ మరణించారు. లోహపు కాళ్ళ ఈజిల్ నిలబెట్టుకుని ఆ సమయంలో అక్కడ ఉండడం కళాభిమానం కిందికి రాదు. అందువల్ల పైకెళ్ళే పని తెల్లవారుజామున మొదలై పదకొండు గంటలకల్లా ముగుస్తుంది, మధ్యాహ్నపు మబ్బును లోయలో వరండా మీదినుంచి గౌవాష్‌తో, అంటే తెలుపు కలిసి మందంగా పట్టే నీటిరంగుతో, పట్టుకోవలసి ఉంటుంది. పొడిగాలికి గౌవాష్ పాలెట్ మీదే గట్టిపడుతుంది, తైలవర్ణం ఉదయపు చలికి వెన్నలా బిగుస్తుంది. ఏదీ పూర్తిగా మాట వినదు.

సెప్టెంబరులో ఈ పచ్చికకు వేరే యజమానులు దిగుతారు. ఎల్క్ అనే భారీ దుప్పులకు అది జతకట్టే కాలం. మగవి తెల్లవారుజామునా సాయంత్రమూ సన్నని ఈలలా మొదలై గురకతో ముగిసే కేక వేస్తూ ఆడవాటిని మందగా పోగుచేసుకుంటాయి. నిబంధన ప్రకారం వాటికి 75 అడుగులు, మూస్‌కు, ఎలుగుకు 120 అడుగులు ఎడం ఉండాలి, జంతువే దగ్గరకు వస్తే వెనక్కి తగ్గవలసింది మనిషే. నది ఒడ్డున సగం వేసిన పలక ఈజిల్ మీద ఉండగా మంద ఇటు మళ్ళితే చిత్రకారుడు చేయగలిగింది ఏమీ ఉండదు. కుంచె చేతిలో పట్టుకుని రోడ్డుకు చేరడమే. అలాంటి ఒక ఉదయం కొమ్ములు చెట్టుకొమ్మల్లా విచ్చుకున్న మగ దుప్పి ఒకటి పెట్టె చుట్టూ తిరిగి, గొడుగును వాసన చూసి, రంగుల పట్ల ఏ ఆసక్తీ చూపకుండా గడ్డికి వంగింది. తిరిగి వెళ్ళేసరికి నీడలన్నీ పక్క మారాయి. చూస్తున్న యాత్రికుల్లో ఒకరు, ఇలాంటి చిత్రానికి ఎంత సేపు పడుతుందని అడిగారు. రెసిడెన్సీలో ఎక్కడికెళ్ళినా ఎదురయ్యే ప్రశ్న అదే.

ప్రకృతి చిత్రంలోకి అక్షరాలా చొరబడడం కొత్తేమీ కాదు. వాన్ గోగ్ 1889లో వేసిన ఒక ఆలివ్ చెట్ల చిత్రంలో, రంగులో ఇరుక్కున్న మిడత తల, కాళ్ళు కాన్సస్ సిటీ మ్యూజియం పరిశోధకులకు 2017లో దొరికాయి. చుట్టూ రంగులో కదలిక గుర్తులు లేవు కనుక అది అంతకుముందే చచ్చినదని తేల్చారు. మొరెయిన్ పార్క్ పలకల్లో చేరేవి ఎక్కువగా దోమలు, పైన్ పుప్పొడి. పట్టుకారుతో తీస్తే మచ్చ పడుతుంది, ఆరాక గోటితో గీరితే రాలిపోతాయి.

పడమటి వైపు వెళ్ళాలంటే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కాలి. యూట్, అరపాహో జాతులు తరతరాలుగా నడిచిన కొండదారుల సమీపంగా వేసి 1932లో తెరిచిన ఈ రోడ్డు 3,713 మీటర్ల దాకా ఎక్కి, సుమారు 18 కిలోమీటర్లు వృక్షరేఖకు పైనే సాగుతుంది. అక్కడి నేల టండ్రా: చెట్టు లేని, చలికి గిడసబారిన మొక్కల పరుపు. గుండ్రని దిండులా నేలకు అతుక్కునే మాస్ కాంపియన్ అనే గులాబీ పూల మొక్క తొలి పువ్వుకు పదేళ్ళు పట్టవచ్చు కనుక, ఈజిల్ పెట్టడానికి దారి వదిలి అడుగేయడం తగదు; బండమీదో రోడ్డు అంచునో నిలబడి, పెట్టె కింద సంచిలో రాళ్ళు వేలాడదీసి, గాలితో పోరాడుతూ వేయాలి. ఇక్కడ వేసినవి బొమ్మలుగా నిలవడం అరుదు. చిన్న పలక మీద ఆకాశానికీ మంచుకూ మధ్య ఉన్న తేడా ఎంతో రాసుకున్న చీటీలనడమే సరైనది.

మిల్నర్ కనుమ దగ్గర ఖండవిభాజక రేఖ, అంటే ఒక వైపు నీరు అట్లాంటిక్‌కూ మరో వైపు నీరు పసిఫిక్‌కూ పోయే మిట్ట, దాటి దిగితే కవునీచీ లోయ. 2020 అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్‌సమ్ అనే దావానలం ఈ పడమటి వైపును కాల్చి, చెట్లే లేని ఆ మిట్టను కూడా నిప్పురవ్వలతో దాటి తూర్పున పడింది. అంతకుముందే బెరడు తొలిచే పురుగు సోకి పైన్లు మొదట తుప్పురంగుకు, తరువాత బూడిదకు మారి ఉన్నాయి. కాలిన వాలు నల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు: బెరడు రాలిన మానులు వెండిలా మెరుస్తాయి, వాటి కింద ఫైర్‌వీడ్ ఊదారంగు పువ్వులు విరబూస్తాయి. వేరే రాష్ట్రాల అడవులు తగలబడి పొగ ఇటు కమ్మిన రోజుల్లో దూరపు కొండలు పొరలుపొరలుగా లేతబడి, గోదావరి మీది కన్ను ఎరిగిన పాత పరిప్రేక్ష్యం తిరిగి వచ్చేస్తుంది. ఆ రోజుల్లో బొమ్మలు సులువుగా కుదురుతాయి, అది సంతోషించదగిన సంగతి కాదు.

ఈ లోయకు పడమట నెవర్ సమ్మర్ పర్వతాల వాలు మీద, సుమారు 3,100 మీటర్ల ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత అడ్డంగా పోతుంది. అది గ్రాండ్ డిచ్ అనే కాలువ. 1890లో మొదలుపెట్టి 1936 దాకా తవ్విన ఈ కాలువ, కొలరాడో నదిలో కలవవలసిన మంచునీటిని మధ్యలోనే పట్టి, కనుమ దాటించి తూర్పు మైదానపు పొలాలకు మళ్ళిస్తుంది. చైనా, జపాను నుంచి వచ్చిన కూలీలు దాని తొలి భాగాలను పారలతో, మందుగుండుతో తవ్వారు. ఉద్యానవనం 1915లో ఏర్పడేనాటికే కాలువ ఉండడం వల్ల దాని నీటిహక్కులు చెక్కుచెదరలేదు. పిక్చర్ పోస్టుకార్డుల్లో ఈ గీత సాధారణంగా నీడలో పడిపోతుంది, బీర్‌స్టాట్ చేతిలో పడితే మబ్బు కింద మాయమయ్యేది. డెల్టా కాలువల మధ్య పుట్టిన చిత్రకారుడికి మాత్రం కొండ మొత్తంలో వెంటనే పోల్చుకోగలిగింది అదొక్కటే. కాలిన మానుల వెండిరంగు ఆరకముందే, ఓకర్‌లో చిటికెడు తెలుపు కలిపి, చదును కుంచె అంచుతో ఆగకుండా ఒక్క లాగులో ఆ గీత పడింది. తొలి పలక మీద వంకర పోతే గీరి మళ్ళీ వేయవలసి వచ్చింది. ఉద్యానవనానికి ఇవ్వడానికి ఎంచుకున్నదీ అదే పలక. మందంగా పడిన తైలవర్ణం లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది కనుక, వార్నిష్ వేసి పంపడం వచ్చే వసంతానికి గాని కుదరదు.