బండి పెట్టే చోటు

కారు కొనేటప్పుడు అందరూ మైలేజీ అడుగుతారు, ధర అడుగుతారు, ఏ రంగైతే బాగుంటుందో ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం కొన్నాక చూద్దాంలే అనుకుంటారు. ఏ కారైనా తన ఆయుష్షులో ఎక్కువ భాగం నిలబడే ఉంటుంది. నడిచేటప్పుడు మన చేయి స్టీరింగు మీద, కాలు బ్రేకు మీద ఉంటాయి. నిలబడి ఉన్నప్పుడు మనం దగ్గర ఉండం. అప్పుడు దానికి దిక్కు మనం ఎంచిన చోటే.

మా ఇంట్లో ఉన్నది నాన్నగారు కొన్న మారుతీ 800. ఆ మోడల్ 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కింది, 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. మాది ఏపీ 9 నంబరు. హైదరాబాద్ బండ్లకు తర్వాత టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, దీని ప్లేటు మాత్రం మారలేదు. బంపరు పగిలితే ఇంకోటి తెచ్చి బిగించవచ్చు, హెడ్‌లైటు పోతే వెతికితే దొరుకుతుంది. ఫ్యాక్టరీలో వేసిన మొదటి రంగు పోతే మాత్రం ఎంత పనితనమున్న పెయింటరు వేసినా అది రెండో రంగే. మా బండికి ఇంకా ఆ మొదటి రంగే ఉంది. ఆదివారం పొద్దున్నే నాన్నగారు పాత పంచె ముక్క తడిపి, పైకప్పు నుంచి కిందికి, ఒక్క వైపుకే తుడిచేవారు. ఆ రంగు నిలవాలన్నదే నా పట్టుదల. అందుకే ఎక్కడికెళ్లినా, ఖాళీ కనబడగానే బండి దూర్చేయను.

ముందు నేల చూస్తాను. పైన ఏముందో నేలే చెబుతుంది. తెల్లటి మరకలుంటే పైన తీగ మీద పావురాలు వాలుతున్నట్టు. చెట్టు లేదు కదా అని తీగల కింద పెడితే సాయంత్రానికి బానెట్ నిండా రెట్ట. అందులోని ఆమ్లం ఎండతో కలిస్తే రంగును తినేస్తుంది, ఆ మచ్చ పాలిష్‌కు కూడా లొంగదు. జూన్, జులైల్లో నేల ఊదారంగుగా ఉంటే నేరేడు చెట్టు. సన్నటి గాజు పెంకులు మెరుస్తుంటే అక్కడ ఎవరిదో అద్దం పగిలింది, ఎవరైనా పగలగొట్టి కూడా ఉండొచ్చు. కొత్తగా పోసిన మట్టి, కంకర కనిపిస్తే ఈమధ్యే పైపు కోసం తవ్వి పూడ్చారు, వాన పడితే కుంగుతుంది. డ్రైనేజీ బండ మీదికి చక్రం ఎక్కకూడదు. పగుళ్లుంటే మరీను.

చెట్టు నీడ అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. కానీ చెట్టు చెట్టుకూ తేడా ఉంది. హైదరాబాద్ వీధుల్లో కానుగ చెట్లు ఎక్కువ, నీడ చిక్కగా చల్లగా ఉంటుంది. ఒకసారి తెలిసినవాళ్ల అపార్టుమెంటుకు వెళ్లి బండి తిప్పుతుంటే వాచ్‌మన్ పరుగున వచ్చాడు. “సార్, ఆ కానుగ కింద పెట్టకుండ్రి. పొద్దూకేసరికి బంక పడతది. గోడ పక్కకు రాండ్రి” అని చేత్తో సైగలు చేస్తూ తనే వెనక్కి తీయించాడు. ఆ బంక చెట్టు కార్చే జిగురు కాదు. ఆకుల అడుగున పట్టిన చిన్న పురుగులు రసం పీల్చి వదిలే తియ్యటి చెమ్మ అది. మామిడి రైతులు తేనెమంచు పురుగు అనేదీ ఇలాంటి చెమ్మనే వదులుతుంది. అద్దం మీద సన్నటి తుంపరలా పడి, దానికి దుమ్ము అంటి, చీమలు చేరి, ఎండకు గట్టిపడుతుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. నీళ్లు పోసి బాగా నాననిచ్చి అప్పుడు తుడవాలి. వేప అంత చెడ్డది కాదు. కానీ దాని సన్నటి ఆకులు, పూత ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఉన్న జాలీలోకి జారి, నీళ్లు పోయే దారికి అడ్డం పడతాయి. పాత బండ్లలో తుప్పు మొదలయ్యే చోట్లలో అదొకటి. వేప కింద పెట్టిన రోజు వేలు పెట్టి ఆ ఆకులు తీసేయడం నాకు అలవాటైపోయింది. తురాయి, పచ్చతురాయి కొమ్మలు పెళుసు, ఏప్రిల్, మే గాలిదుమారాల్లో వాటి కింద పెట్టను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు చెట్ల కింద నలిగిన బండ్లను చూసినవాళ్లకు ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్టు సంగతి కోనసీమ వాళ్లను అడగండి.

గోడ నీడ నాకు చెట్టు నీడ కంటే నమ్మకం. అయితే అది జరుగుతుంది, గంటకే కాదు, నెల నెలకూ జరుగుతుంది. చలికాలంలో భవనానికి ఉత్తరం పక్క రోజంతా చల్లగా ఉంటుంది. అక్కడ అలవాటుపడితే మే నెలలో డాష్‌బోర్డు పేలిపోయేంత వేడి. హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. ఈ రెండింటి మధ్య రోజుల్లో సూర్యుడు కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు కాబట్టి ఉత్తరపు గోడ నీడ ఇవ్వదు. ఎండాకాలంలో భవనానికి తూర్పు పక్కనే మేలు. పొద్దుటి ఎండ తగిలినా, అసలు కాల్చే వేళకు గోడ అడ్డం వస్తుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. గ్రిల్స్, గేట్లు చేసే వెల్డింగ్ షాపు ముందు ఖాళీ ఉన్నా ఆగకూడదు. గ్రైండర్ తిప్పినప్పుడు ఎగిరే రవ్వలు నిప్పుకణికల్లా కాలిన ఇనుప రజను. అవి అద్దం మీద పడితే అక్కడే కరుచుకుంటాయి. ఆ రోజు ఏమీ కనబడదు. రెండు మూడు రాత్రులు మంచు పడ్డాక గోధుమరంగు చుక్కలు పైకి తేలతాయి. అరచేత్తో నిమిరితే గరుకు తగులుతుంది, గోరుతో గీకినా రావు. రాత్రిపూట ఎదురు బండి లైటు పడినప్పుడు ఒక్కో చుక్క దగ్గర వెలుగు చెదురుతుంది. కట్టుబడి జరిగే ఇంటి పక్కనా అంతే, సిమెంటు దుమ్ము మంచుకు తడిసి రంగు మీద గట్టిపడిపోతుంది.

బజారులో అయితే మనుషులున్న చోటే చూస్తాను. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే మందుల షాపు ఎదురుగానో, కాస్త వెలుతురున్న టిఫిన్ బండికి నాలుగడుగుల దూరంలోనో. ముందు దిగి, “అన్నా, అరగంట పెట్టుకోవచ్చా, మీ బేరానికి అడ్డమా?” అని అడుగుతాను. అడిగి పెట్టిన బండి మీద వాళ్ల చూపు ఉంటుంది. పిల్లలు బంతి ఆడినా, ఆటో మరీ ఆనుకుని వెళ్లినా ఒక కేక వేస్తారు. సీసీ కెమెరాలున్నాయన్న బోర్డు కంటే నాకు ఆ కేకే ధైర్యం. ఒకరి గేటుకు అడ్డంగా పెట్టి మన బండి క్షేమంగా ఉండాలని కోరుకోవడం న్యాయం కాదు. ఆ ఇంటివాళ్లకు అర్ధరాత్రి ఆసుపత్రి అవసరం పడొచ్చు. ఊరెళ్తూ వీధిలో వదిలేయడమూ మంచిది కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలు దాటి వదిలేసిన బండిని పోలీసులు తీయించవచ్చు.

డబ్బు తీసుకునే పార్కింగుల్లో చీటీ వెనక ‘ఓనర్స్ రిస్క్’ అని ఉంటుంది. అది చదివి ఇక మనదే ఖర్మ అనుకునేవాళ్లు ఢిల్లీలోని ఓ మారుతీ జెన్ కథ తెలుసుకోవాలి. 1998లో తాజ్‌మహల్ హోటల్ సిబ్బందికి తాళాలిచ్చి లోపలికి వెళ్లిన యజమాని తిరిగొచ్చేసరికి కారు లేదు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన చేతుల్లోంచి తాళం తీసుకున్న హోటల్ తన నిర్లక్ష్యానికి ఆ అచ్చు మాటలు చూపి తప్పించుకోలేదని 2019 నవంబరులో తీర్పు వచ్చింది. అందుకే తాళం ఎవరి చేతికిచ్చినా చీటీ జాగ్రత్తగా దాచుకుంటాను.

ఇక సెల్లార్. ఎండ, రెట్ట, రవ్వ, దొంగ, అన్నింటి నుంచీ కాపాడే ఆ చోటే వానకు అన్నిటికంటే ప్రమాదం. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బండ్లు నీళ్లలో మునిగిన తీరు చూశాం. మునిగిన బండిని వెంటనే స్టార్ట్ చేయకూడదు. సిలిండర్లలోకి చేరిన నీరు ఇంజిన్ లోపలి రాడ్లను వంచేస్తుంది, అలా పాడైన ఇంజిన్‌కు మామూలు బీమా కింద సాధారణంగా పరిహారం ఇవ్వరు. థర్డ్ పార్టీ పాలసీ అయితే వరద నష్టానికి పైసా రాదు. 2024 అక్టోబరులో భారీ వర్షాల హెచ్చరిక రాగానే చెన్నై వేళచ్చేరి వంతెన మీద జనం ముందుగానే కార్లు తెచ్చి బారుగా నిలిపారు. అంతకుముందు మునిగి తెలుసుకున్న పాఠం అది.

మా కాలనీలో గుడి ఎదుటి వీధి మెరక. పెద్దవాన సూచన ఉంటే సెల్లార్లో బండ్లు అక్కడికి మార్చాలని తొలకరికి ముందే అందరం కూర్చుని అనుకున్నాం. ఒక వైపే పెట్టాలి, అంబులెన్సు, ఫైరింజను పట్టేంత దారి వదలాలి, ఊళ్లో లేనివాళ్ల తాళాలు కింది అంతస్తు బాబాయిగారి దగ్గర ఉండాలి. ఆయనకు మా 800 చోక్ ఎంత లాగితే స్టార్ట్ అవుతుందో చూపించి, రెండో తాళం ఇచ్చి వచ్చాను.