లీష్ ఎవరి చేతిలో ఉంది?

కుక్క గుంజుతోందని ఫోన్ చేసేవాళ్లని నేను ముందు జాతి అడగను, వయసూ అడగను. "రోజూ వాకింగ్‌కి తీసుకెళ్లేది ఎవరండీ?" అంటాను. అవతల కాస్త తటపటాయింపు. "మేమే... అంటే ఆదివారాలు మేమే. మిగతా రోజులు డ్రైవర్." డ్రైవర్ కాకపోతే వాచ్‌మన్, వాచ్‌మన్ కాకపోతే ఇంట్లో పనిచేసే అమ్మాయి. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ నుంచి నల్లగండ్ల దాకా నేను తిరిగే ఇళ్లలో చాలావాటిది ఇదే కథ. ఫీజు ఇచ్చేది ఒకరు, లీష్ పట్టుకునేది ఇంకొకరు. "అయితే ఆ డ్రైవర్ ఉండే టైముకే వస్తాను" అంటే కొందరికి రుచించదు. "మీరు కుక్కకి నేర్పండి సార్, డ్రైవర్‌కి మేం చెప్పుకుంటాం" అంటారు. అలా చెప్పుకున్న ఇళ్ల నుంచి నాకు రెండో ఫోన్ కూడా వస్తుంది.

కుక్క ఎందుకు గుంజుతుందో చెప్పడానికి ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక పెద్దమనిషి సిద్ధంగా ఉంటాడు. "అది మిమ్మల్ని లీడర్‌గా ఒప్పుకోవట్లేదండీ. తలుపు దాటేటప్పుడు మీరే ముందుండాలి" అని యూట్యూబ్‌లో చూసింది అప్పజెబుతాడు. తోడేళ్ల గుంపులో కొట్లాడి గెలిచిన 'ఆల్ఫా' ఒకటుంటుంది, మిగతావన్నీ దానికి లొంగి ఉంటాయి అన్న నమ్మకం అది. ఆ మాటకి అంత ప్రచారం రావడానికి తోడేళ్ల మీద జీవశాస్త్రవేత్త డేవిడ్ మీచ్ రాసిన పుస్తకం కూడా ఒక కారణం. అదే మీచ్ 1999లో, అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని, 'ఆల్ఫా' అన్న పేరు దానికి సరిపోదని రాశాడు. ఆ వార్త మన లిఫ్టుల దాకా ఇంకా రాలేదు.

నేను చెప్పే కారణం ఇంత రంజుగా ఉండదు. గుంజితే పనవుతుంది, అందుకే గుంజుతుంది. కుక్క మామూలు నడక మన నడక కంటే వేగం. పైగా రాత్రి ఎవరెవరు వచ్చి తడిపి వెళ్లారో కరెంటు స్తంభం దగ్గర మూతి పెడితేగానీ దానికి తెలీదు. మెడ చాచి గుంజింది, మనం వెనకే రెండడుగులు వేశాం, స్తంభం అందింది. ఆ రెండడుగులే దానికి కూలి.

చేసిన పనికి మంచి ఫలితం దక్కితే జంతువు ఆ పని మళ్లీ చేస్తుందని, పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి చూసి సైకాలజిస్టు థార్న్‌డైక్ 1898లోనే రాశాడు. ఆ తరవాత ఇంకో సైకాలజిస్టు స్కిన్నర్ చూపించిన సంగతి మా పనికి ఇంకా పెద్ద తలనొప్పి. ప్రతిసారీ ఫలితం ఇచ్చే అలవాటు కంటే, అప్పుడప్పుడూ మాత్రమే ఇచ్చే అలవాటు మాన్పించడం కష్టం. వారమంతా డ్రైవర్ ఓపిగ్గా ఆగి ఆగి నడిపిస్తాడు. ఆదివారం సార్ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో లీష్ పట్టుకుని కుక్క ఎటు గుంజితే అటు వెళ్తాడు. సాయంత్రం తాతగారు "పాపం, మూగజీవి" అని వదిలేస్తారు. లాటరీ టికెట్ కొనే అలవాటున్నవాడు ఏనాడో తగిలిన వంద రూపాయల కోసం ఏడాదంతా కొంటూనే ఉంటాడు చూడండి, కుక్క గుంజుడూ అంతే. అందుకే ఆ ఇంట్లో లీష్ ముట్టుకునే ప్రతి చేతికీ నేను నేర్పాలి. తాతగారితో సహా.

నేర్పడం రోడ్డు మీద మొదలుపెట్టను. రోడ్డు దానికి తిరునాళ్ల. హాల్లో, సోఫాకీ డైనింగ్ టేబుల్‌కీ మధ్య మొదలుపెడతాను. తరవాత కారిడార్, తరవాత సెల్లార్ పార్కింగ్, ఆ తరవాతే గేటు. లీష్ ఆరడుగులుంటే చాలు. చేతికి చుట్టుకోవద్దని మొదటి రోజే చెబుతాను. లాబ్రడార్ ఒక్కసారి పిల్లి వెనక ఉరికిందంటే చుట్టుకున్న వేళ్లు విరుగుతాయి. పిడి కుడిచేతి బొటనవేలికి తగిలించి, పిడికిలి బిగించి బొడ్డు దగ్గర ఆనించి పెట్టుకుంటే, గుంజినప్పుడు భుజం మీద పడే బరువు ఒళ్లంతా పంచుకుంటుంది.

ఇక అసలు పని చూడటానికి ఏమీ ఉండదు. లీష్ బిగిసిందా, ఆగిపోవాలి. వెనక్కి గుంజకూడదు, అరవకూడదు, పేరు పెట్టి పదిసార్లు పిలవకూడదు. ఆగాలి, అంతే. కాసేపటికి కుక్క వెనక్కి తిరిగి చూస్తుంది, లేదా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. లీష్ వదులైన ఆ క్షణమే మళ్లీ నడక. లీష్ వదులుగా ఉండి పక్కన నడుస్తున్నంతసేపూ ఎడమ తొడ పక్కన, ప్యాంటు కుట్టు దగ్గర ఒక తిండి ముక్క. చాలామంది చెయ్యి ముందుకు చాచి ఇస్తారు. ముందు ఇస్తే కుక్క ముందుకొచ్చి కాళ్లకి అడ్డం పడుతుంది. ముక్క ఎక్కడ దొరుకుతుందో కుక్క అక్కడే ఉంటుంది. ఆ ముక్క కోసం ఖరీదైన ప్యాకెట్లు కొనక్కర్లేదు. చికెన్ లివర్ ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి శనగగింజంత ముక్కలు కోసి డబ్బాలో వేస్తే రెండు రోజులకి సరిపోతుంది. ఒక ఇంట్లో ఆ డబ్బా మేడమ్ గదిలో ఉండేది, డ్రైవర్ రోజూ అడిగి తీసుకోవాలి. అడగడం ఇష్టంలేక ఉత్త చేతులతో వెళ్లేవాడు. డబ్బాని చెప్పుల స్టాండ్ పైకి మార్పించాను. ఆ ఇంట్లో నేను చేసిన పెద్ద ట్రైనింగ్ అదే.

స్తంభం వాసన చూడటం కూడా జీతంలో భాగమే. వదులుగా నాలుగడుగులు నడిస్తే "వెళ్లు" అని నేనే స్తంభం దగ్గరికి తీసుకెళ్తాను, తనివితీరా మూతి పెట్టుకోనిస్తాను. గుంజితే దొరకనిది గుంజకపోతే దొరుకుతుందని తెలిసిన కుక్కతో ముప్పావు వంతు పని అయిపోయినట్టే.

మరి ఇంత తేలికైతే అందరికీ ఎందుకు కుదరదు? డ్రైవర్ వైపు నుంచి చూడాలి. ఏడింటికి పిల్లల్ని స్కూల్లో దించాలి. అంతకు ముందు కారు తుడవాలి. కుక్కకి దొరికేది 20 నిమిషాలు. బిగిసినప్పుడల్లా ఆగితే మొదటి వారం గేటు దాటేసరికే ఆ టైం అయిపోతుంది. పైకి వెళ్లగానే మేడమ్ అడిగేది ఒకటే ప్రశ్న: "పాటీ అయిందా?" లీష్ వదులుగా ఉందా అని ఎవరూ అడగరు. ఏది అడుగుతారో ఆ పనే జరుగుతుంది. అందుకని గబగబా చెట్టు దగ్గరికి ఈడ్చుకెళ్తాడు, అయిపోగానే ఈడ్చుకొస్తాడు. పాటీ అవగానే ఇంటికెళ్లిపోతామని కుక్క కూడా కనిపెట్టేస్తుంది, ఆపుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు 20 నిమిషాలు 40 అవుతాయి. నేను ఆ ఇళ్లలో మొదట మార్చేది ఈ వరస: అయిపోయిన తరవాతే అసలు షికారు. దానికి డ్రైవర్‌కి ఇంకో పావుగంట కావాలి. ఆ పావుగంట ఇప్పించడం కోసం నేను కుక్కతో కంటే యజమానితోనే ఎక్కువసేపు మాట్లాడతాను.

పట్టుకునేవాళ్లకి భయం ఉన్న ఇళ్లూ ఉన్నాయి. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ భార్య ఒకామె జర్మన్ షెపర్డ్‌ని తిప్పేది. "గుంజితే గుంజనియ్ సారూ, నేను ఆపితే నా మీదికొస్తే?" అంది. తప్పేముంది? ఆమెని కుక్క పక్కన నిలబెట్టే ముందు, కూర్చోబెట్టి ఆమె చేత దానికి ముక్కలు తినిపించాను. చెయ్యి వణకడం తగ్గిన తరవాతే లీష్ ఇచ్చాను.

వస్తువుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను పిలిచే ముందు జనం షాపుకి వెళ్తారు. బటన్ నొక్కితే సాగే లీష్ ఒకటి అమ్ముతారు. లోపల స్ప్రింగు ఉంటుంది కాబట్టి అది ఎప్పుడూ కొద్దిగా బిగిసే ఉంటుంది. గుంజితేనే పొడవు పెరుగుతుంది. గుంజడం నేర్పడానికి ఇంతకంటే మంచి పరికరం లేదు. వీపు మీద కొక్కెం ఉండే హార్నెస్ ఇంకొకటి. మంచులో బళ్లు లాగే కుక్కలకి వేసేదీ అలాంటి ఏర్పాటే, బరువంతా ఛాతీ మీద పడి హాయిగా లాగుతాయి. మన దగ్గర ఏసీ గదుల్లో పెరిగే హస్కీకి అది తొడిగి, లాగుతోంది మొర్రో అంటే ఏం చెప్పను? ఛాతీ ముందు కొక్కెం ఉన్న రకమైతే గుంజినప్పుడు కుక్క పక్కకి తిరిగిపోతుంది. అది నేర్పదు గానీ, నేర్పేదాకా పనికొస్తుంది.

మెడకి ఉరిలా బిగిసే ఇనుప చైను నేను వాడను. ఈ వృత్తిలో దాన్ని వాడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల చేతుల్లో కుక్కలు పక్కనే నడుస్తాయి కూడా. కానీ చైను ఆ పెద్దవాళ్ల చేతుల్లోంచి ఎవరి చేతికి పోతుందో నేను చూశాను. మామూలు కాలర్‌తో గుంజినా కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందని, హార్నెస్‌తో అలా పెరగలేదని 2006లో ఒక పరిశోధన వచ్చింది. పగ్ లాంటి చట్టిముక్కు కుక్కలకి మామూలుగానే ఊపిరి కష్టం. వాటికి మెడ మీద పట్టీ వేసి నడిపించొద్దని మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

ఇక వీధి మలుపు. విదేశీ పుస్తకాల్లో ఈ అధ్యాయం ఉండదు. మన కాలనీల్లో ప్రతి మలుపుకీ ఒక గుంపు ఉంటుంది, ఆ మలుపు దానిది. మన కుక్కని చూడగానే నాలుగు లేచి మొరుగుతాయి, మనం భయంతో లీష్ బిగిస్తాం. బిగిసిన లీష్‌తో మన కుక్క ఛాతీ ముందుకి వచ్చి తల పైకెత్తుతుంది. వాటి కళ్లకి అది కొట్లాటకి దిగినట్టే. రాయి తీయొద్దు. దూరం నుంచే రోడ్డు అవతలికి మారాలి, మన కుక్క మూతి దగ్గర నేల మీద గుప్పెడు ముక్కలు చల్లాలి. తల కిందికి దించి వెతుక్కునే కుక్కతో తగువు పెట్టుకోవడానికి వీధికుక్కలకి కూడా అంత ఉత్సాహం ఉండదు. వాచ్‌మన్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. రాత్రి మిగిలిన అన్నం పెట్టేది వాళ్లే కాబట్టి ఆ గుంపుకి వాళ్లు పరిచయస్తులు. వాళ్లు "ఏయ్, పో" అంటే పోతాయి. ఈ ఒక్క పాఠంలో యజమానులు వెనకబెంచీ.

ఎండాకాలం అయితే ఇవన్నీ పక్కన పెట్టి చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడమంటాను. మీరు నిలబడలేకపోతే కుక్కా నడవలేదు. మే నెలలో తెల్లారి ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి.

గుంజుడు అంతా ఒకటే అనుకోకూడదు. కొన్ని కుక్కలు ముందుకి గుంజవు, ఇంటివైపు గుంజుతాయి. దత్తత తెచ్చిన దేశవాళీ పిల్ల ఒకటి గేటు దాటగానే తోక కాళ్ల మధ్య దోపుకుని, చెవులు వెనక్కి వేసి ఇంటివైపు ఈడ్చేది. ముక్క మూతి దగ్గర పెట్టినా వాసన కూడా చూడలేదు. తిండి కాదన్న కుక్క భయంలో ఉందని అర్థం. అక్కడ 'ఆగిపో' పాఠం పనికిరాదు, ఆగినకొద్దీ దాని భయం పెరుగుతుంది. దాన్ని వెంటనే ఇంట్లోకి వెళ్లనిచ్చి, చాలా రోజులపాటు గేటు లోపలే కూర్చుని రోడ్డు చూపించాం. బస్సు పోయినప్పుడల్లా ఒక ముక్క. వీధి చివరి దాకా వెళ్లడానికి నెలలు పట్టింది, ఆ పిల్లని పెంచుకున్న అక్క ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

మణికొండలో నేను నేర్పిన ఒక డ్రైవర్ ఉన్నాడు. సార్ ఊళ్లో లేని రోజుల్లో అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండు కుక్కల్ని తిప్పడం మొదలుపెట్టాడు. నెలకి కుక్కకింత అని రేటు పెట్టాడు. బీగిల్‌ని, లాబ్రడార్‌ని రెండు చేతుల్లో రెండు వదులు లీష్‌లతో సెల్లార్‌లోంచి తీసుకొస్తుంటే నాకే కన్ను తిప్పుకోబుద్ధి కాలేదు. మొన్న గేటు దగ్గర కలిశాడు. అతని యజమానికి ఈ రెండో సంపాదన ఇష్టం లేదట. ఎదుటి బ్లాక్‌వాళ్లేమో ఎక్కువ అడుగుతున్నాడంటున్నారట.

"నువ్వేమన్నావ్ తమ్ముడూ?"

"ఏమంట సార్, మా సార్‌కి అడ్డమొచ్చే టైముల తిప్పనని చెప్పిన. ఎదుటి బ్లాకోళ్లకేమో మీ రేటు చెప్పిన. మీరు జర మీ రేటు పెంచుండ్రి, అప్పుడు నాది తక్కువ కొడ్తది."