ఊరి నడుమ ఒక గది

మన తెలుగులో హోటల్ అంటే తినే చోటు. పడుకునే చోటు లాడ్జి. మా నాయన తరానికి హోటల్ అనగానే గుర్తొచ్చేది ఇడ్లీ కాదు, చూరు కింద విడిగా పెట్టిన గ్లాసు. టీ తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి రావాలి. ఇక లాడ్జి గడప వాళ్లు తొక్కిందే లేదు. టౌనుకు పోతే బస్టాండులోనో, ఆసుపత్రి వరండాలోనో, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదువుకునే మనోళ్ల పిల్లాడి గదిలోనో తెల్లారేది. ఏ ఊళ్లో ఎవరింట్లో తల దాచుకోవచ్చో నోటిమాటగా అందరికీ తెలిసి ఉండేది. మన హోటళ్ల జాబితా అదే.

ఈ వారం హోటల్ గురించే రాస్తున్నాను. యూరప్‌లో హోటల్ గురించి. నవ్వకండి, కారణం ఉంది. ఈమధ్య మన పరిశోధక విద్యార్థులు కొందరు అక్కడి సెమినార్లకు ఎంపికవుతున్నారు. మొన్న ఒకమ్మాయి రాసింది: "మేడమ్, ఊరి బయట చవగ్గా ఉన్నాయి, అక్కడే తీసుకుంటాను. మనకెందుకండీ సెంటర్లో?" డబ్బు లెక్క సరే, అది మాట్లాడుకుందాం. ఆ "మనకెందుకు" మాత్రం డబ్బు లెక్క కాదు. అది చాలా పాతది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మరీ చవకదీ వద్దు, ఖరీదైనదీ వద్దు. మధ్యరకం హోటల్ చూసుకోండి, ఊరి నడుమ చూసుకోండి. ఎందుకో, ఎలాగో నాకు తెలిసిన ఒక ఊరిని పట్టుకుని చెబుతాను. ఆ ఊరు వెనిస్. తెలుగు దళిత సాహిత్యం మీద పేపర్ చదవడానికి ఒక నవంబర్‌లో వెళ్లి నాలుగు రాత్రులు ఉన్నాను.

మొదట వీసా. షెంగెన్ వీసాకి దరఖాస్తు చేసేటప్పుడు ఎక్కడ ఉంటావో చూపించాలి. అందుకని డబ్బు తిరిగొచ్చేలా, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదే బుక్ చేయండి. పది ఇరవై యూరోలు ఎక్కువైనా సరే. వీసా రాకపోతే గది డబ్బులు కూడా పోవడం మన జీతాల్లో, ఫెలోషిప్పుల్లో భరించలేం.

వీసా అనగానే మనకు బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' గుర్తు రావాలి. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన మనిషికి ఆ ఊళ్లో గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. రైలు వేళ దాకా పార్కులో కూర్చున్నాడు. విదేశాల్లో ఉన్నన్నాళ్లూ తాను అంటరానివాణ్ణనే సంగతే మరిచిపోయానని అందులోనే రాసుకున్నాడు. రాజ్యాంగం 15(2) అధికరణ తీసి చూడండి. కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడని చోట్లలో దుకాణాలతో పాటు హోటళ్లు అనే మాట స్పష్టంగా ఉంది. మన దేశపు మూల చట్టంలో హోటల్ అనే మాట ఊరికే రాలేదు.

ఇప్పుడు లెక్క. యూరోకి వంద రూపాయలు వేసుకోండి, సులువు. వెనిస్ అంటే మన ఫోటోల్లో కనిపించే దీవుల ఊరు. దానికి ఎదురుగా ఒడ్డున మెస్త్రే ఉంది. రెంటికీ మధ్య ఉప్పుకయ్య మీద నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ వంతెన. చవక గదులన్నీ మెస్త్రేలో. నేను చూసినప్పుడు అక్కడ మూడు నక్షత్రాల గది 75 యూరోలు. దీవుల్లో, కన్నరేజో పేటలో, అలాంటిదే 118. తేడా 43.

మెస్త్రే నుంచి రైలు పది పన్నెండు నిమిషాలే. టికెట్ ఒకటిన్నర యూరో. అక్కడ దిగాక కార్లు లేవు, బస్సులు లేవు, ఆటోలు అసలే లేవు. నడవాలి, లేదా వపొరెత్తో అనే పడవ బస్సు ఎక్కాలి. దాని టికెట్ ఒక్కసారికి తొమ్మిదిన్నర యూరోలు. రోజుకు రెండుసార్లు ఎక్కితే 19, రైలుతో కలిపి 22. మిగిలింది 21. ఆ 21 కోసం మధ్యాహ్నం గదికొచ్చి పేపర్ మళ్లీ ఒకసారి చూసుకోవడం, కాళ్లు చాపుకోవడం, రాత్రి భోజనాల దగ్గర అందరితో కూర్చుని మాట్లాడటం వదులుకోవాలి. సెమినార్లో అసలు పని ఆ భోజనాల దగ్గరే జరుగుతుందని వెళ్లినవాళ్లకు తెలుసు. మనవాళ్లు ఎనిమిదింటికే రైలుందని లేచిపోతే మిగతావాళ్లు పదకొండు దాకా కూర్చుని వచ్చే ఏడు పుస్తకంలో ఎవరెవరుండాలో మాట్లాడుకుంటారు. ఆడపిల్లలకు ఇంకో లెక్క కూడా ఉంది. రాత్రి వేళ ఒంటరిగా తెలియని స్టేషన్‌లో దిగడం వేరు, మనుషులు తిరిగే వీధిలో పది నిమిషాలు నడవడం వేరు.

స్టేషన్ నుంచి మీ పని ఉన్న చోటికి నడిచిపోగలిగితే మెస్త్రే లెక్క లాభమే, కాదనను. మీ వయసు 29 లోపైతే పడవలకు రాయితీ పాస్ కూడా ఉంది. లెక్క వేసుకునే తీసుకోండి. లెక్క వేయకుండా "మనకెందుకు" అని మాత్రం తీసుకోవద్దు.

ఊరి నడుమ అంటే సాన్ మార్కో చౌరస్తా పక్కన అని కాదు. అక్కడ కిటికీ చూపించి డబ్బు తీసుకుంటారు. వెనిస్‌లో ఆరు పేటలు: సాన్ మార్కో, కస్తెల్లో, కన్నరేజో, సాన్ పోలో, సాంత క్రోచె, దొర్సొదూరో. మీ పని ఏ పేటలో ఉందో చూసి, రైల్వే స్టేషన్‌కీ దానికీ మధ్యలో గది వెతకండి. చిరునామాలో ఇంటి నంబరు వీధికి కాదు, పేట మొత్తానికి వరస. 'కన్నరేజో ఇన్నో నంబరు' అంటే అది ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే మ్యాప్ మీద చుక్క చూడండి. స్టేషన్ నుంచి ఎన్ని వంతెనలు దాటాలో లెక్కపెట్టండి. ఆ ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లున్నాయి. ఇరవై కిలోల పెట్టె మోసేది మీరే. పాత భవనాలు కాబట్టి లిఫ్ట్ ఉందో లేదో అడగండి. బుకింగ్‌లో కనపడని ఖర్చు ఒకటుంది: బస పన్ను. హోటల్ స్థాయిని, కాలాన్ని బట్టి మనిషికి రాత్రికి 1 నుంచి 5 యూరోల దాకా అక్కడే కట్టించుకుంటారు. ఫిబ్రవరి కార్నివాల్ రోజుల్లో అదే గది రెండింతలు. నవంబర్‌లో తక్కువ. 2024 నుంచి కొన్ని రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లకు ప్రవేశ రుసుం పెట్టారు. రాత్రి బస చేసేవాళ్లకు అది లేదు గానీ, మినహాయింపు కోసం ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

ఎవరిదో ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. వంట చేసుకోవచ్చు, నిజమే. కానీ చాలాచోట్ల పేరు చూసి ఇంటాయన సరేననాలి. నల్లవాళ్ల పేర్లలా వినిపించే పేర్లతో అమెరికాలో అలాంటి ఇళ్లకు అడిగి చూస్తే, తెల్లవాళ్ల పేర్ల కంటే దాదాపు 16 శాతం తక్కువగా ఒప్పుకున్నారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించారు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక టౌన్‌లో మా ఆయనా నేనూ పదకొండు ఇళ్లు చూశాం. అద్దె, అడ్వాన్సు, నీళ్ల టైము అన్నీ అయ్యాక చివర్లో "మీరేమిట్లు?" అని వచ్చేది. తర్వాత "మా అబ్బాయిని అడిగి చెబుతాం" అని వచ్చేది. అందుకే నాకు హోటల్ కౌంటర్ ఇష్టం. వెనిస్‌లో పాస్‌పోర్ట్ అడిగారు. అక్కడి చట్టం ప్రకారం అతిథుల వివరాలు పోలీసులకు పంపాలి, అందరివీ పంపుతారు. వివరాలు రాసుకున్నారు, తాళం ఇచ్చారు. నా ఇంటిపేరు అక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇక్కడితో ఆగితే యూరప్ స్వర్గం, మన దేశం నరకం అని రాసినట్టవుతుంది. అలా రాయను. నా హోటల్ నుంచి నాలుగడుగులేస్తే గెట్టో ఉంది. గెట్టో అనే మాట ప్రపంచానికి ఇచ్చిన అసలు గెట్టో అదే. 1516 మార్చి 29న వెనిస్ పాలకులు యూదులందరూ ఆ ఒక్క దీవిలోనే ఉండాలని శాసనం చేశారు. అంతకు ముందు అక్కడున్నవాళ్లను ఖాళీ చేయించి, యూదుల దగ్గర మూడోవంతు ఎక్కువ అద్దె వసూలు చేశారు. సొంతంగా కొనుక్కునే హక్కు లేదు. పగలు వ్యాపారానికి వాళ్లు కావాలి, రాత్రి తలుపులు వేసేస్తారు. ఆ కాపలావాళ్ల జీతం కూడా యూదులే కట్టాలి. బయటికొస్తే పసుపు గుర్తు పెట్టుకోవాలి. జనం పెరిగినా జాగా పెరగదు కాబట్టి ఇళ్లు పైకి పెరిగాయి. ఏడెనిమిది అంతస్తులు, తలకు తగిలేంత పైకప్పులు. ఇప్పటికీ కింద నిలబడి కిటికీల వరసలు లెక్కపెట్టొచ్చు. లోపలికి పోయే సందు రాతిగోడలో ఆ తలుపుల బందుల గుంటలు అలాగే ఉన్నాయి. వేలు పెట్టి చూశాను.

మనం బడిలో 'మర్చంట్ ఆఫ్ వెనిస్' చదివాం. కత్తి నూరే షైలాక్ గుర్తుంటాడు. ఆ నాటకంలో గెట్టో అనే మాటే లేదు. రాత్రి ఆయన మీద ఎవరు తాళం వేసేవారో మనకు ఎవరూ చెప్పలేదు. మన పల్లెకూ ఊరికీ ఉన్న దూరాన్ని అంబేద్కర్ గెట్టో అనే పేరుతోనే వర్ణించాడు. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చాక ఆ తలుపులు పీకి తగలబెట్టారు. 281 ఏళ్లు. తర్వాత కూడా కథ ముగియలేదు. 1943, 44లో ఆ ఊరి నుంచి 200 మందికి పైగా యూదులను నాజీ శిబిరాలకు పంపారు, వాళ్ల స్మారకం ఆ కూడలిలోనే ఉంది. అయినా వాళ్ల తలుపుకు వేసిన తేదీ ఉంది, తీసిన తేదీ ఉంది. మన పల్లెకు తలుపు ఎప్పుడు వేశారో తేదీ లేదు. చెక్క తలుపు కాదు కనుక తగలబెట్టడానికీ ఏమీ లేదు.

ఇంకో సంగతి. పొద్దున ఏడింటికి నా గది శుభ్రం చేయడానికి వచ్చినామె మెస్త్రే నుంచి వస్తుంది. నాకు అన్నం వడ్డించిన బంగ్లాదేశ్ కుర్రాడిదీ మెస్త్రేనే. బంగ్లాదేశీయులు అక్కడ పెద్ద సంఖ్యలో ఉంటారు, మర్గేరా ఓడల కర్మాగారంలోనూ చాలామంది పనిచేస్తారు. దీవుల్లో 1951లో లక్షా డెబ్బై ఐదు వేల దాకా జనం ఉండేవాళ్లు. 2022లో యాభై వేల కిందికి పడిపోయారు. రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో ఆ అంకె 2008 నుంచి చూపిస్తున్నారు. ఇళ్లన్నీ పర్యాటకుల గదులైపోతే ఊరివాళ్లు ఒడ్డుకు పోతున్నారు. అంటే ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు రాత్రికి వంతెన దాటి వెళ్లాలి. ఇది మనకు తెలియని బొమ్మ కాదు. కాబట్టి ఊరి నడుమ తీసుకోండి గానీ, ఒక కుటుంబం బతకాల్సిన ఇల్లు కాకుండా హోటల్‌గా నడిచే హోటల్ తీసుకోండి. గది ఊడ్చినామె పేరు అడగండి. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి.

రెండో రోజు అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఇప్పటికీ కూలికి పోతుంది. చలి ఎట్లుంది, అన్నం దొరుకుతోందా అని అడగలేదు. మొదటి మాటే, "ఏమ్మా, గది ఊళ్లోనే ఇచ్చారా, ఊరి బయట ఇచ్చారా?" అంది. ఊళ్లోనే అమ్మా, నడిమధ్యన అన్నాను. "నిజంగానా?" అంది. కిటికీ తెరిచి, వీడియోలో కింద కాలవా, వంతెనా, పోయే పడవా చూపించాను. చాలాసేపు చూసింది. "ఎవరూ ఏమీ అనలేదా?" అంది.

43 యూరోలంటే 4,300 రూపాయలు. అమ్మకు అది ఎన్నో రోజుల కూలి, నాకు తెలుసు. అందుకే లెక్క వేయకుండా ఖర్చుపెట్టమని ఎవరికీ చెప్పను. మీకిచ్చే భత్యం ఎంతో చూసుకోండి, సరిపోకపోతే నిర్వాహకులకు ముందే రాయండి, నడిచొచ్చే దూరంలో గది కావాలని గట్టిగా అడగండి. మిగతా దేశాల వాళ్లు అడుగుతారు, వాళ్లకు ఇస్తారు. దరఖాస్తులో 'ఎక్కడ ఉంటారు' అనే గడి దగ్గరికొచ్చినప్పుడు మీ చెయ్యి దానంతటదే ఊరి చివరకు పోతుందేమో చూసుకోండి. పోతే, ఆపి, ఒకసారి మ్యాప్ మధ్యలోకి తీసుకురండి.

జై భీమ్.