అక్రోటు చెట్టు కింది మట్టి

నైరుతి చైనాలోని గ్వీఝౌ రాష్ట్రంలో, బీజియే ప్రాంతపు హెఝాంగ్ కొండల్లో ఎక్కువ భాగం సున్నపురాయే. వాననీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు ఆ రాతిని యుగాల తరబడి కరిగించి గుహలుగా, పగుళ్లుగా, నీరు మింగే బిలాలుగా మార్చగా ఏర్పడిన ఇటువంటి నేలను కార్స్ట్ అంటారు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్లోకి దిగిన తెలుగువారికి ఈ కరుగుదల పరిచితమే గాని, అది సేద్యగాడికి తెచ్చిపెట్టే చిక్కు గుహలో నిలబడితే కనిపించదు. సున్నపురాయి కరిగిపోగా మిగిలే మన్ను బహు స్వల్పం గనుక ఒక్క సెంటీమీటరు మట్టి పేరుకోవడానికి వేల ఏళ్లు పడుతుంది. పేరుకున్నది సైతం వాలు వెంట కొట్టుకుపోయేది కొంతయితే, పగుళ్ల గుండా భూమిలోపలికి జారిపోయేది మరికొంత. బండలు తేలి పంటకు పనికిరాకుండా పోయిన అటువంటి నేలను అక్కడివారు రాతి ఎడారి అంటారు.

1999లో మొదలైన ప్రభుత్వ పథకం 25 డిగ్రీలకు మించిన ఏటవాలు చేలలో మొక్కజొన్న మాని చెట్లు పెంచే రైతులకు ధాన్యమూ డబ్బూ ఇచ్చింది. కాయకు ధర పలికే చెట్టు గనుక అక్రోటు, అంటే వాల్‌నట్, ఈ కొండలమీద విస్తారంగా పాతుకుంది.

సెప్టెంబరులో, కాయ దులిపే రోజుల్లో అటు వెళ్లినవారి చూపు చెట్లకన్నా ముందు ఒక ముసలి రైతు చేతులమీద ఆగుతుంది. పచ్చి తొక్క ఒలిచీ ఒలిచీ ఆ వేళ్లు, గోళ్లు, అరచేతి గీతలు నల్లబడి ఉంటాయి. ఎంత కడిగినా ఆ మరక పోదు. తొక్కలోని ఒక పదార్థం గాలి తగిలి జుగ్లోన్‌గా మారడం దీనికి కారణం. గోరింటాకు పండడానికి కారణమైన లాసోన్‌కు ఇది రసాయనపరంగా దగ్గరి చుట్టం. జుగ్లోన్ కొన్ని మొక్కల ఎదుగుదలను అణచివేస్తుంది గనుక అక్రోటు నేలను పాడుచేస్తుందనే నింద ఉన్నది. అయితే గాలి ఆడే నేలలో సూక్ష్మజీవులు దాన్ని విచ్ఛిన్నం చేస్తాయి కాబట్టి ఆ నిందలో సగానికి పైగా చెట్ల మధ్య ఏటా నేలను తవ్వే పారకు చెందవలసినదే.

దానికి రుజువు ఆ చేతుల్లోనే దొరుకుతుంది. రెండు బండల సందులో, పార తగలని చోటునుంచి ఆ రైతు పిడికెడు మట్టి తీస్తే అది నల్లగా, గుల్లగా, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది. చెట్ల వరుసల మధ్య ఏటా తవ్వే చోటిది పాలిపోయి పెళ్లలు కట్టి ఉంటుంది. కార్స్ట్ మట్టిలో సమృద్ధిగా ఉండే కాల్షియం ఆకుల కుళ్లును గట్టిగా పట్టి ఉంచుతుంది. తవ్వినప్పుడు మట్టి గుళికలు చితికి, అంతవరకు లోపల దాగిన సేంద్రియ పదార్థం సూక్ష్మజీవులకు చిక్కి గాలిలో కలిసిపోతుంది. అడవి నేల సాగులోకి వచ్చిన తొలి కొన్నేళ్లలోనే ఈ నష్టం అధికంగా జరుగుతుంది.

“మొక్కలు లెక్కేసుకుని పోతారు. గడ్డి కనబడితే తోట చూసుకోవట్లేదంటారు. తవ్వితే మట్టి పోతుందని నాకు తెలీదా?” అని అతడు పథకం తనిఖీకి వచ్చే అధికారులమీద విసుక్కుంటాడు. అతని విసుగు న్యాయమైనదే. ఉపగ్రహం కంటికి కొండ పచ్చబడిన మాట నిజం. కానీ ఎడంగా నాటిన, చలికాలంలో ఆకు రాల్చే చెట్ల కింద ఉన్నది నున్నగా గీకిన నేల అయితే, మట్టి దృష్టిలో అది మొక్కజొన్న చేనుకు పెద్దగా భిన్నం కాదు. పక్కనే బీడుపడిన చేనులో ముళ్లపొదలూ గడ్డీ వాటంతటవే మొలిచి, పగుళ్లలోకి వేళ్లు దించి, ఏ ఖర్చూ లేకుండా నేలను బాగుచేస్తున్నా దాన్ని మెచ్చుకునేవారు అరుదు.

వరుసల మధ్య పప్పుజాతి పచ్చిరొట్ట చల్లి, దాన్ని తవ్వకుండా కోసి పరిస్తే చెట్టుకూ మట్టికీ మేలే. అయితే మొక్క కాపుకు వచ్చేదాకా గడిచే ఏళ్లలో ఆ సందుల్లో మొక్కజొన్న వేయకపోతే ఇల్లు గడవదు. కాబట్టి సాయం అందవలసింది నాటిన మొక్కల సంఖ్యను బట్టి గాక, ఆ ఏళ్లపాటు పార తగలనివ్వని నేలను బట్టి.